తెర పక్కన మనిషి: కనిగిరి పల్లె నుంచి ‘ప్రజ్ఞాత’ను చదివితే

ఆన్‌లైన్‌లో పాఠం ఎట్టా చెప్పాలో టీచర్లకు నేర్పే పత్రాలు మన దేశంలో చాలానే వచ్చాయి. వాటిల్లో ముఖ్యమైనది ‘ప్రజ్ఞాత’. కరోనాతో బళ్లు మూతబడ్డ కాలంలో, 2020 జూలై 14న కేంద్ర ప్రభుత్వం దీన్ని విడుదల చేసింది. తయారుచేసింది ఎన్‌సీఈఆర్‌టీ. మహమ్మారి పోయింది, బళ్లు తెరిచారు. అయినా ఆ పత్రం వెనకున్న ఆలోచన మాత్రం పోలేదు. దీక్ష పోర్టల్ నడుస్తూనే ఉంది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు అచ్చవుతున్నాయి. టీచర్ల శిక్షణలు తెర మీద జరుగుతున్నాయి. కాబట్టి ‘ప్రజ్ఞాత’ను పాత కాగితమని మూలకి తోసెయ్యడానికి లేదు. దళిత దృక్పథం నుంచి, అందులోనూ కనిగిరి లాంటి మెట్ట ప్రాంతపు పల్లె నుంచి దాన్ని చదివితే ఏం కనిపిస్తుందో చూడటమే ఈ వ్యాసం పని.

ముందు ఆ పత్రం ఏం చెప్పిందో న్యాయంగా చెప్పుకోవాలి. ‘ప్రజ్ఞాత’ పేరులోని ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు టీచరు ఎక్కాల్సిన ఎనిమిది మెట్లు: పథకం వేసుకోవడం, సరిచూసుకోవడం, ఏర్పాట్లు చేసుకోవడం, దారి చూపడం, మాట్లాడటం, పని అప్పజెప్పడం, గమనిస్తుండటం, మెచ్చుకోవడం. పిల్లలు తెర ముందు కూర్చునే సమయానికి హద్దులు పెట్టింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకు 30–45 నిమిషాల క్లాసులు రెండుకు మించొద్దంది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగుకు మించొద్దంది. పొద్దస్తమానం పిల్లల్ని తెరకు కట్టేసిన కార్పొరేట్ బళ్లకు ఇది చెప్పాల్సిన మాటే. ఇంకో మంచి పని కూడా చేసింది. క్లాసు మొదలుపెట్టే ముందు పిల్లల ఇళ్లల్లో ఏముందో సర్వే చెయ్యమంది. కంప్యూటర్ ఉన్న ఇల్లు, స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇల్లు, అరకొర ఇంటర్నెట్ ఉన్న ఇల్లు, టీవీ ఉన్న ఇల్లు, రేడియో ఉన్న ఇల్లు, ఏమీ లేని ఇల్లు అని వర్గాలు చేసింది. ఏమీ లేని ఇల్లు కూడా ఈ దేశంలో ఉందని ఒప్పుకోవడం చిన్న విషయమేమీ కాదు.

చిక్కంతా ఆ సర్వే దగ్గరే ఉంది. ఇంటి లోపల ఏ వస్తువు ఉందో అడిగింది గానీ, ఆ ఇల్లు ఎక్కడుందో అడగలేదు. మన దగ్గర ఊరు వేరు, పల్లె వేరు. మాలపల్లె ఒక దిక్కు, మాదిగపల్లె ఇంకో దిక్కు. పిల్ల ఏ ఇంట్లో పుట్టిందో చెబితే చాలు, ఏ నీళ్ల దగ్గరికి పోవచ్చో, ఏ గుమ్మం తొక్కకూడదో చెప్పెయ్యగల వ్యవస్థ ఇది. 1985 జూలైలో కారంచేడు మారణకాండకు నిప్పు రాజుకున్నది మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు నీళ్ల దగ్గరనే కదా! ఇట్టాంటి నేల మీద బడి అనేది ఒక ఉమ్మడి జాగా. ఎన్ని లోపాలున్నా పిల్లను రోజుకు ఆరు గంటలన్నా కులం గీసిన గీత దాటించేది ఆ బడే. ఆన్‌లైన్ బోధన ఆ బడిని ఎత్తుకొచ్చి ఇంట్లో పెట్టింది. ఇళ్లను కులం ప్రకారం కట్టుకున్న సమాజంలో బడిని ఇంటికి పంపడమంటే, ఎవరి బడిని వాళ్ల వాడకు పంపడమే. ‘ఇల్లు’ అనే మాటను ఆ పత్రం కులం లేని మాటగా వాడింది. నా విమర్శ మొదలయ్యేది ఇక్కడే.

బళ్లో కులం లేదా అని అడగొచ్చు. ఉంది. వెనక బెంచీ ఉంది, మధ్యాహ్న భోజనం వండే మనిషి కులం చూసి పిల్లల్ని తిననివ్వని తల్లిదండ్రులున్నారు, బాగా చదివే పల్లె పిల్లను చూసి ఆశ్చర్యపోయే టీచర్లున్నారు. అయితే బళ్లో జరిగే అవమానం నలుగురి మధ్య జరుగుతుంది. దాని మీద ఎంఈవో దగ్గరికి పోవచ్చు, ధర్నా చెయ్యొచ్చు, కేసు పెట్టొచ్చు. క్లాసులోకి రాలేకపోయిన పిల్ల సంగతి వేరు. ఆ పిల్లను ఎవరూ బయటికి గెంటలేదు. ‘నెట్వర్క్ లేదు’ అనే రెండు మాటలతో ఆ లెక్క ముగిసిపోయింది. అంటరానితనం ఇక్కడ ఒక సాంకేతిక లోపం వేషం వేసుకుంది. వేషం వేసుకున్న దాన్ని కేసులో ఇరికించడం కష్టం.

ఇప్పుడు కనిగిరికి వద్దాం. పాత ప్రకాశం జిల్లా పడమటి మెట్ట ఇది. సేద్యానికి వానే దిక్కు. బోరు నీళ్లలో ఫ్లోరైడు. తూర్పున, ఉత్తరాన గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో పత్తి, మిర్చి పండుతుంది. ఆ పత్తి తీసే చేతుల్లో, ఆ కాయలు కోసే చేతుల్లో ఈ మెట్ట కూలోళ్ల చేతులు ఎన్నో. సంక్రాంతి పోయాక మిరప కోతల కాలం. ఇంటిల్లిపాదీ మూటాముల్లె సర్దుకుని పోతారు. చేను పక్కనే పట్ట కప్పుకుని కాపురం. ఇంకొందరు హైదరాబాదుకో బెంగుళూరుకో కట్టుబడి పనులకు పోతారు. వలస పోయినోళ్ల పిల్లల కోసం సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్లు పెట్టాల్సొచ్చిందంటే, ఇది ఒకరిద్దరి కథ కాదని సర్కారుకూ తెలుసు.

ఈ ఇంటిని ‘ప్రజ్ఞాత’ వర్గాల్లో యాడ రాస్తాం? సర్వేకు వచ్చిన రోజు ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉండొచ్చు. ‘స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇల్లు’ అని టిక్కు పడుతుంది. తెల్లారితే ఆ ఫోన్ నాయన జేబులో పనికి పోతుంది. మేస్త్రీ పిలిచేది దాని మీదనే, కూలి డబ్బులు పడేది దాని మీదనే. క్లాసు పదింటికి, ఫోన్ ఇంటికొచ్చేది పొద్దుగూకినాక. వచ్చాక అన్నకా చెల్లికా అనే పంచాయితీ. చాలాసార్లు ఆ పంచాయితీలో ఓడిపోయేది ఆడపిల్ల. కోతల కాలంలో ఇల్లే కదిలిపోతుంది. వస్తువును లెక్కబెట్టే సర్వేకు ఇదంతా కనపడదు, ఎందుకంటే అది ఇంటిని ఒక చోట కదలకుండా ఉండేదిగా ఊహించుకుంది. అట్టా కదలకుండా ఉండే ఇల్లు భూమి ఉన్నోడిది, నెల జీతం ఉన్నోడిది.

అంకెలు కూడా ఇదే చెప్పాయి. 2017–18 జాతీయ నమూనా సర్వే 75వ రౌండు ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 15 శాతం లోపే. కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం. 2021 ఆగస్టులో జాఁ ద్రెజ్, రీతికా ఖేరా తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద వాడల పిల్లలు దాదాపు 1,400 మంది గురించి ‘స్కూల్’ పేరుతో సర్వే చేశారు. గ్రామాల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్నోళ్లు 8 శాతం. అసలేమీ చదవనోళ్లు 37 శాతం. అందులోనే విడదీసి చూస్తే ఊళ్లల్లోని దళిత, ఆదివాసీ పిల్లల్లో ఆన్‌లైన్ చదువు 4 శాతం, మిగతా పిల్లల్లో 15 శాతం. చూడండి, వీళ్లంతా పేద వాడల పిల్లలే. పేదరికం ఒక్కటే కారణమైతే ఇంత తేడా ఎందుకొస్తుంది? 2020 జూన్ 1న కేరళలో ఆన్‌లైన్ తరగతులు మొదలైన రోజునే ఒక దళిత విద్యార్థిని ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ చెడిపోయి ఉంది, స్మార్ట్‌ఫోన్ లేదు. అక్షరాస్యతలో ముందున్నామని చెప్పుకునే రాష్ట్రంలో జరిగింది ఇది.

మరి టీచర్లకు ఏం నేర్పారు? ‘ప్రజ్ఞాత’ వచ్చిన రెండు రోజులకే, 2020 జూలై 16న, ‘నిష్ఠ’ శిక్షణను మొదటిసారి ఆన్‌లైన్‌లో మొదలుపెట్టారు. అదీ మన ఆంధ్రప్రదేశ్‌లోని 1,200 మంది రిసోర్స్ పర్సన్లతో. ఆ శిక్షణలో 18 మాడ్యూళ్లు. జెండర్ పేరుతో ఒక మాడ్యూల్ ఉంది, ఉండాల్సిందే. కంప్యూటర్, ఇంటర్నెట్ వాడకం మీద ఉంది. కళలతో పాఠం చెప్పడం మీద ఉంది. కరోనా పరిస్థితి మీద ఉంది. కులం పేరుతో మాత్రం ఒక్కటీ లేదు. ‘సమ్మిళిత తరగతి గది’ అనే మాట కింద అన్నీ వస్తాయని పెద్దలు అనొచ్చు. అన్నీ వచ్చే మాటలో కులం ఎప్పుడూ చివరన వస్తుంది, టైము చాలక ఆగిపోతుంది. ఇది మనకు కొత్తా?

టీచర్ల పక్షాన కూడా మాట్లాడాలి. ఇరవై ఏళ్లు సుద్దముక్కతో పాఠం చెప్పిన మనిషిని ఒక్క వారంలో కెమెరా ముందు నిలబెట్టారు. వీడియో తియ్యడం, దాన్ని చిన్నది చేసి గ్రూపులో పెట్టడం, గూగుల్ ఫారంలో ప్రశ్నలు తయారుచెయ్యడం, హాజరు ఆప్‌లో ఎక్కించడం అన్నీ సొంత ఫోన్ మీద, సొంత డేటా మీద నేర్చుకున్నోళ్లు ఎందరో. వాళ్లల్లో మన వాళ్లూ ఉన్నారు. నేర్చుకోవడానికి వాళ్లు వెనకాడలేదు. వాళ్లకు నేర్పిన దాంట్లోనే ఒక దిక్కు ఖాళీగా ఉంది. తెర మీద కనిపించడం ఎట్టాగో నేర్పారు. తెర అవతల ఎవరు కనపడటం లేదో, ఎందుకు కనపడటం లేదో కనిపెట్టడం నేర్పలేదు.

ఆన్‌లైన్ క్లాసులో టీచరు నోటి నుంచి తరచుగా వచ్చే మాట ఏంది? ‘అందరూ మ్యూట్‌లో పెట్టుకోండి.’ యాభై ఇళ్ల చప్పుళ్లు ఒకేసారి వస్తే పాఠం వినపడదు, నిజమే. అయినా ఈ మాట దగ్గర మనం ఒక్క క్షణం ఆగాలి. అంబేద్కర్ 1920 జనవరి 31న తన మొదటి పత్రిక పెట్టినప్పుడు దానికి పెట్టిన పేరు ‘మూక్‌నాయక్’. మూగవాళ్ల నాయకుడని అర్థం. పత్రిక అనే మాధ్యమం అప్పటికి అగ్రవర్ణాల చేతుల్లో ఉంది. అందులో అంటరానోళ్ల గొంతు రాదు కాబట్టి సొంత పత్రిక కావాల్సొచ్చింది. మాధ్యమం కొత్తదా పాతదా అనేది ఆయనకు రెండో ప్రశ్న. అందులోకి ఎవరి గొంతు పోతుంది అనేది మొదటి ప్రశ్న. ‘ప్రజ్ఞాత’ ఎనిమిది మెట్లలో ‘మాట్లాడటం’ ఒకటి ఉంది. ఆ మాట పిల్లల వైపు నుంచి మొదలవడానికి ఏ ఏర్పాటు ఉందనే ప్రశ్నతో ఆ మెట్టును చదవాలి. పోర్టల్ నుంచి పల్లెకు వచ్చే దారి ఉంది. పల్లె నుంచి పోర్టల్‌కు పోయే దారి యాడుంది?

ఈ ప్రశ్నకు జవాబు మన ప్రాంతపు చరిత్రలోనే దొరుకుతుంది. గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టాడు. ఆయన్ను మహాకవిగా సత్కరించుకుంటాం గానీ, కొత్త మాధ్యమాల్లో పనిచేసిన పంతులుగా ఎవరూ చూడలేదు. చిన్న వయసులోనే పల్లెటూరి బళ్లో పంతులుగా చేరాడు. ఆ కొలువు పోయాక 1915–16లో రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడిగా పనిచేశాడు. బొమ్మ తెర మీద ఆడుతుంటే పక్కన నిలబడి కథనూ సంభాషణలనూ జనానికి వినిపించడం ఆ పని. ఆ తర్వాత గుంటూరులో లూథరన్ మిషన్ వాళ్ల ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్లు టీచర్లను తయారుచేశాడు. 1957–59లో మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమాల నిర్మాత. అంటే పలక నుంచి సినిమా తెరకు, తెర నుంచి రేడియోకు నడిచిన మనిషి. ఆనాటి వాచకుడి పనిని చూడండి. తెర ఎంత కొత్తదైనా దానంతట అది జనంతో మాట్లాడలేదు. జనం ఎక్కడ నవ్వుతున్నారో, ఎక్కడ అర్థంగాక ముఖాలు చూసుకుంటున్నారో గమనించి వాళ్ల భాషలో చెప్పే మనిషి పక్కన కావాలి.

1941లో వచ్చిన ఆయన ‘గబ్బిలం’ను కూడా మాధ్యమం గురించిన కావ్యంగా చదవొచ్చు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది. జాషువా అరుంధతీయుడికి గబ్బిలమే దొరికింది. మనిషిని రానివ్వని గుడిలోకి గబ్బిలం పోగలదు, అందుకే కాశీ విశ్వేశ్వరుడికి తన కబురు మోయమంటాడు. గమనించాల్సింది ఆ కబురు పోయే దిక్కు. గుడిసెలో మొదలై పైకి పోతుంది. కబురులో ఏముండాలో నిర్ణయించేది గుడిసెలో ఉన్న మనిషే. ఇవాళ్టి విద్యా పోర్టళ్లు ఆ దిక్కును తిప్పేశాయి. పైన తయారైన పాఠం గుడిసెకు దిగుతుంది, తిరిగి పైకి పోయేది ‘చూశారు’ అనే ఒక్క గుర్తు.

జాషువా కంటే ముందు సంగతీ ఇదే చెబుతుంది. 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చాక ఈ పడమటి పల్లెల్లో అక్షరం ఎట్టా పాకింది? తాళ్లకొండపాడు మాదిగ యర్రగుంట్ల పేరయ్య లాంటి వాళ్లు ఊరూరూ తిరిగి చెప్పిన మాటతో పాకింది. అచ్చుపుస్తకం అప్పటికి పల్లెకు కొత్త మాధ్యమమే. అది పంతులు చేతిలో వచ్చింది. ఆ పంతులు చాలాచోట్ల పల్లె మనిషే, పల్లెలోనే కాపురం. మిషన్ల మతం సంగతి మీద మనం వాదించుకోవచ్చు గానీ, ఈ పద్ధతి ఫలితం మీద వాదన లేదు.

సర్కారు చేసిన ప్రయోగాలనూ ఇదే గీటురాయి మీద గీయాలి. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ పాఠాలు పంపిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పుడు టీవీ ఇంటికి రాలేదు, నలుగురూ చేరే చోట పెట్టారు. ఆ చోటు ఎవరి వీధిలో ఉందనే ప్రశ్న మనం వెయ్యాల్సిందే. కానీ టీవీకి ఒక ఉమ్మడి జాగా కావాలన్న ఆలోచన సరైంది. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో మొదలై 1991లో అంబేద్కర్ పేరు పెట్టుకుంది. పుస్తకం పోస్టులో పంపి చేతులు దులుపుకోకుండా అధ్యయన కేంద్రాలు పెట్టింది, అక్కడ పాఠం చెప్పే మనిషిని కూర్చోబెట్టింది. ఇవన్నీ చూశాక 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ట్యాబ్‌ల పంపిణీని చూడండి. ఎనిమిదో తరగతి పిల్లలు నాలుగున్నర లక్షల మందికి పైగా, టీచర్లు 59 వేల మందికి పైగా. అందులో బైజూస్ పాఠాలు. ట్యాబ్ పల్లె పిల్ల చేతికి రావడం మంచిదే, ఊళ్లో పిల్లకున్నది మన పిల్లకు ఎందుకుండకూడదు? కానీ పాఠం కంపెనీది. 2024 జూలైలో ఆ కంపెనీ మీదనే దివాలా ప్రక్రియ మొదలైంది. కంపెనీ ఎత్తిపోయినా బడికి మిగిలేది టీచరే.

‘అయితే ఆన్‌లైన్ వద్దంటారా?’ అని మిత్రులు అడుగుతారు. అనను. కొత్త మాధ్యమం మన చేతికి వస్తే ఏమవుతుందో చూశాం. 2010ల మొదట్లో హైదరాబాదులో ఇఫ్లూ దళిత విద్యార్థుల చొరవతో పుట్టిన ‘దళిత్ కెమెరా’ యూట్యూబ్‌లో ఏం చేసింది? పేపర్లు రాయని దాడుల బాధితుల చేత, టీవీలు పిలవని మేధావుల చేత వాళ్ల మాట వాళ్ల చేతనే చెప్పించింది. ఏ శిక్షణ కార్యక్రమమూ వాళ్లకు నేర్పలేదు. సాధారణ కెమెరా పట్టుకుని వాడకు పోయారు, మాట్లాడే మనిషి ఎదుట నిలబడి విన్నారు. ఆన్‌లైన్ బోధన నేర్చుకునే టీచరుకు ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం లేదు.

కనిగిరి వైపు పనిచేసే టీచరు దీన్నుంచి తీసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ఫోన్ ఉందా లేదా అని అడగడంతో ఆపకుండా, అది ఏ గంటల్లో ఎవరి చేతిలో ఉంటుందో రాసుకోవాలి. పాఠాన్ని ఆ గంటలకు జరపాలి. వీడియో లాగలేని చోట గొంతు రికార్డు చేసి పంపాలి, చిన్న ఫోనున్న ఇంటికి కాల్ చేసి చెప్పాలి. ముఖం చూపించమని బలవంతపెట్టకూడదు, ఎందుకంటే కెమెరా ముఖంతో పాటు ఇంటినీ చూపిస్తుంది. పల్లెలో అంబేద్కర్ భవనమో చర్చో ఉంటే అయిదుగురు పిల్లలు ఒక ఫోన్ చుట్టూ కూర్చునే ఏర్పాటు చెయ్యాలి, పది చదివిన పల్లె అమ్మాయిని జీతమిచ్చి వాళ్ల పక్కన పెట్టాలి. లెక్కల పాఠానికి కిలో మిరపకాయల కోతకూలి, సైన్సు పాఠానికి బోరు నీళ్ల ఫ్లోరైడు పనికొస్తాయి. పిల్లలు తమ యాసలో పంపిన గొంతులు కూడా పాఠంలో భాగం కావాలి. వలస పోయిన పిల్ల గుంటూరు చేలో ఉన్నా బడి జాబితాలోంచి పేరు తీసెయ్యకూడదు. ఇవన్నీ ఒక్క టీచరు మంచితనం మీద వదిలేసేవి కావు. డేటా ఖర్చు, సహాయకురాలి జీతం, టీచరుకు పల్లెకు పోయే టైము సర్కారు ఇవ్వాలి. ఏకోపాధ్యాయ బళ్లల్లో ఇది సాధ్యం కాదు, కాబట్టి టీచర్ల నియామకం కూడా ఆన్‌లైన్ బోధనలో భాగమైన డిమాండే.

రేపు ఇంకో పత్రం వస్తుంది. అందులో కృత్రిమ మేధ ఉంటుంది, ఇంకో పొడుగాటి పేరుంటుంది. దళిత టీచర్ల సంఘాలు, విద్యార్థి సంఘాలు, పరిశోధకులు ఆ పత్రం చేతికి రాగానే మూడు ప్రశ్నలు వెయ్యాలి. ఇంటిని లెక్కబెట్టేటప్పుడు అది ఊళ్లో ఉందో పల్లెలో ఉందో అడిగారా? పిల్ల గొంతు పైకి పోవడానికి దారి పెట్టారా? తెర పక్కన ఏ మనిషిని నిలబెడుతున్నారు, ఆ మనిషికి జీతమెంత? ఈ ప్రశ్నలు అడగడానికి పెద్ద సాంకేతిక పరిజ్ఞానం అక్కర్లేదు. మండలానికి ఒక పల్లె తీసుకుని, కోతల కాలం ముందొకసారి, తర్వాతొకసారి బడి జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే చాలు. ఆ పని కనిగిరి నుంచే మొదలుపెట్టొచ్చు.